ఒక్క ఎర్ర గీత

మూడు టీములకూ కలిపి కోడ్ రాసే నిబంధనలు పెట్టింది నేనే. ఏ వరుసా వంద అక్షరాలు దాటకూడదు. ఏదైనా సమాచారం తెచ్చుకుని దానికో పేరు పెడితే ఎక్కడో ఒకచోట వాడి తీరాలి. లేకపోతే కోడ్‌ని తనిఖీ చేసే ప్రోగ్రాం ఎర్ర గీత పెడుతుంది, సైటు బయటికి పోదు. ఎవరికీ మినహాయింపు లేదని గోడమీద కూడా అంటించాను. అప్పట్నుంచి నన్ను హెడ్‌మాస్టరమ్మ అంటున్నారు. అననీ, నాకేం!

ఆ రోజు నాలుగింటికి ఓ ఆసుపత్రి సైటు తెరవాలి. డాక్టర్లు మందు రాసేముందు చూసుకునే రోగి వివరాల పేజీ అందులో ఉంది. మూడూ ఇరవైకి ఎర్ర గీత పడింది. ఎవరి ఫైల్లో? మా బావగారి ఫైల్లో. ఇంట్లో మావారికి అన్నగారు, ఆఫీసులో నా కింద పనిచేసే మనిషి. నా ఖర్మ కాకపోతే!

మేనేజరు వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. వాడని పేరొకటి ఉన్నంత మాత్రాన కొంపలేం మునగవు, ఆ వరుసని చూడకుండా వదిలేయమని తనిఖీకి ఒక ముక్క రాసి పడేయమన్నాడు. బావగారు తల దించుకుని కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. రాస్తే ఇంటివాళ్లకో నీతి, బయటివాళ్లకో నీతి అంటారు. రేపట్నుంచి నా నిబంధనల్ని ఎవడూ లెక్కచేయడు. రాయకపోతే సైటు ఆగిపోతుంది.

మూడూ నలభై అయింది. పళ్లు బిగించి ఆ ముక్క సగం కొట్టాను. అప్పుడు చదివాను ఆ పేరు. రోగికి పడని మందులు. ఆ జాబితా తెచ్చుకుంటున్నాం, తెరమీద మాత్రం చూపించడం లేదు. కొట్టిన సగం ముక్కా చెరిపేశాను.

పాత మార్పులు తిరగేశాను. చూపించే వరుస పొద్దున్నదాకా ఉంది, నూట పదిహేను అక్షరాల పొడుగున. బావగారు ఇంకా ఆఫీసుకి రాలేదని, వంద దాటిన ఆ వరుసని తానే రెండుగా విరిచి, రెండో సగం పెట్టడం మర్చిపోయిన మహానుభావురాలి పేరు పక్కనే ఉంది. నా పేరే. కంచే చేను మేసింది.

"తప్పు బావగారిది కాదు. నాది," అన్నాను అందరికీ వినపడేలా.

బావగారు అప్పుడు తలెత్తారు. "నీ పేరు ఇందాకే చూశానమ్మా. నలుగురిలో నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. ఆ వరుస దేని గురించో మాత్రం చదవలేదు."

"నేనూ చదవలేదు బావగారూ. వరుస పొడుగే చూశాను."

ఆ రెండో సగం తిరిగి పెట్టి, సైటు నాలుగుంబావుకి తెరిచాం. ఆలస్యం ఎందుకైందో ఆసుపత్రివాళ్లకి ఫోన్లో నేనే చెప్పాను.