ఆరో మనిషి ముఖం

శిల్పి షెడ్డులో ఆరుగురు మట్టి మనుషులు నిలబడి ఉన్నారు. తొమ్మిదేళ్ళ కిందట తవ్వుతున్న రైలు సొరంగం కూలినప్పుడు అందులో ఉండిపోయిన కూలీలు. ఇన్నాళ్ళకు నగరానికి వాళ్ళు గుర్తొచ్చారు. సొరంగం పైనున్న కూడలిలో కంచు విగ్రహాలు పెడతారట. ఐదుగురి ముఖాలనూ వాళ్ళవాళ్ళు చూసి, కళ్ళు తుడుచుకుని, సరేనని వెళ్ళిపోయారు.

ఆరోది, ఇంకా షెడ్డులోనే నిలబడి ఉన్న ఆమె భర్తది. అతని ఫొటో ఒక్కటీ మిగల్లేదు. ఇంట్లోకి వాన నీళ్ళొచ్చిన ఏడాది పెళ్ళి ఫొటోలన్నీ అతుక్కుపోయాయి. విడదీయబోతే ముఖాలే ఊడొచ్చాయి. అందుకని శిల్పి ఆమె మరిదిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం చేశాడు. తేడాలు ఆమె చెబితే దిద్దాలి. రేపు అచ్చు తీస్తారు. ఆ తర్వాత ఇక మార్చడం కుదరదు.

"చెప్పమ్మా, ఎక్కడ సరిచేయాలి?" అన్నాడు శిల్పి.

ఆమె చూసింది. అచ్చం మరిదే. కళ్ళు మూసుకుంది. అప్పుడూ మరిదే కనిపించాడు. ఇన్నేళ్ళూ రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ముఖం అది. భర్త చెప్పులు విడిచే చప్పుడు గుర్తుంది. నిద్రలో మోకాలితో పొడవడం గుర్తుంది. ముఖం మాత్రం ఎంత గుంజినా రాలేదు.

"ముక్కు కొంచెం లావు," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

శిల్పి మట్టి అద్దాడు.

"లావేంటి వదినా? అన్నయ్యది నాకంటే సన్నం," అన్నాడు మరిది.

"నీకేం తెలుసురా? వాడి ముందు ఏనాడైనా తలెత్తి నిలబడ్డావా?" చూపు పోయిన అత్తగారు చేతులు చాపింది. కోడలు ఆ చేతుల్ని మట్టి ముఖం మీద పెట్టింది. అత్తగారు తడిమి తల అడ్డంగా ఊపింది. "వీడు చిన్నాడు. పెద్దాడికి చెంప మీద గుంట ఉండేది."

"ఏ చెంప మీద, అత్తయ్యా?"

ముసలామె వేలు కుడి చెంప దాకా వెళ్ళింది, ఎడమ వైపుకి మళ్ళింది, గడ్డం దగ్గర ఆగిపోయింది.

సాయంత్రమయ్యేసరికి ఆ ముఖం ఎవరిదీ కాకుండా పోయింది.

"పోనీ, నాదే ఉంచేయండి," అన్నాడు మరిది. "బతికుండగానే దండలు పడతాయి. రేపు నేనటు వెళ్తే జనం దడుసుకుంటారు, అంతేగా."

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"తల వంచేయండి సార్," అంది ఆమె. "హెల్మెట్ బాగా ముందుకు దించండి."

"అలాగైతే ముఖం ఎవరికీ కనబడదమ్మా."

"కనబడక్కర్లేదు."

"ఆయన అలా తల వంచుకునేవారా?"

"అలిసిపోతే," అని అబద్ధమాడింది.

శిల్పి తీగతో మెడ కోసి తలను ముందుకు వాల్చాడు.

విగ్రహాల మీద గుడ్డ తీసిన రోజున కూడలి కిటకిటలాడింది. వచ్చినవాళ్ళంతా ఆరో మనిషి దగ్గరే ఆగారు. బాధంతా ఆ వంగిన తలలోనే ఉందని ఒకావిడ పక్కావిడతో అంది. మరిది గుంపు వెనక నిలబడి తన చెంపలు రుద్దుకుంటున్నాడు.

జనం పలచబడ్డాక అత్తగారు విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆ ఆరుగురినీ దిమ్మె లేకుండా నేల మీదే నిలబెట్టారు. ముసలామె కంచు భుజం పట్టుకుని రెండో చెయ్యి హెల్మెట్ కిందికి పోనిచ్చింది.

"ఎండకి కాలుతోంది అత్తయ్యా, వద్దు."

వినలేదు. మణికట్టు దాకా చెయ్యి లోపలికి వెళ్ళింది. అటూ ఇటూ తిరిగింది.

"ఇక్కడ నున్నగా ఉందే. ముక్కేదే? నోరేదే?"

కోడలు వంగి చూసింది. ఎలాగూ కనబడదని శిల్పి ఆ మట్టి ముఖాన్ని చదును చేసేశాడు. పలకలాంటి కంచు, అంతే.

"ఏమే, వీడికి ముఖం పెట్టలేదా?"

"పెట్టారు అత్తయ్యా," అంది. "ఇంకా లోపలికి ఉంది."

అత్తగారు మడమలెత్తి, చెయ్యి ఇంకొంచెం లోపలికి పోనిచ్చింది.