ఎల్వీరా డ్యూక్ కుడిచెయ్యి

రెజైనా నగరానికి వెళ్ళే దారిలో ఎల్వీరా డ్యూక్ ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేదు. రేడియో పెట్టింది, కట్టేసింది, మళ్ళీ పెట్టింది. కిటికీ అద్దం దించితే మార్చి చలి మొహాన కొట్టింది. గొణుక్కుంటూ పైకెత్తింది. ట్రక్కు నేను నడుపుతున్నాను. అసలు వింత అదే. ఆవిడ తన ట్రక్కు తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టడం నేనెన్నడూ చూడలేదు.

మాది కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం నైరుతి మూలన చిన్న ఊరు. అక్కడి పశువుల ఆసుపత్రి ఎల్వీరా పెట్టేనాటికి నేనింకా పుట్టలేదు. ఆవు ఈనలేక అవస్థపడుతోందంటే చుట్టుపక్కల వాళ్ళ నోట ముందు వచ్చేది ఆవిడ పేరే. నేను చదువు ముగించి తిన్నగా ఆవిడ దగ్గరే పనికి చేరాను.

లైసెన్సు నిలవాలంటే మా పశువైద్యులందరం ఏటా కొన్ని గంటలు శిక్షణ తీసుకుంటూ ఉండాలి. ఎల్వీరా ఆ గంటల్ని ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఊలు అల్లుకుంటూ, తెరమీద మాట్లాడే ప్రొఫెసర్లతో పోట్లాడుతూ పూర్తిచేసేది. ఈ ఏడాది అల్లిక మానేసింది. గంటలూ మిగిలిపోయాయి. గడువు దగ్గరపడ్డాక రెజైనాలో రెండు రోజుల సదస్సులో చోటు దొరికితే ఇద్దరి పేర్లూ నేనే రాయించాను. ఆవు కడుపు కోసి దూడను తీశాక గర్భసంచికి కొత్త పద్ధతిలో కుట్లు ఎలా వేయాలో అందులో చేత్తో చేయించి నేర్పుతారు.

“నా కుట్లు చూసి నేర్చుకున్నవాళ్ళు నాకు నేర్పుతారన్నమాట,” అంది ఎల్వీరా. సరదాకే అందనుకున్నాను.

హోటల్ హాల్లో మొదటి ఉపన్యాసం మందుల వాడకం మీద. ఆవిడ సగంలో లేచి బయటికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. విరామంలో కాఫీ కప్పు చేతిలోంచి జారి తివాచీ మీద ఒలికిపోతే మూత సరిగా పెట్టలేదని హోటల్‌వాళ్ళను తిట్టింది. కుడిచేతి వేళ్ళను తొడకేసి రుద్దుకోవడం మటుకు ఆపలేదు.

తరగతి గదిలో వరసగా స్టీలు బల్లలు. ఒక్కోదాని మీద కబేళా నుంచి తెచ్చిన ఆవు గర్భసంచి. నేర్పేవాడు గిల్బర్ట్ ఆర్కాండ్ అని, నలభై దాటని మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన చూపించినట్టు అందరం మొదలుపెట్టాం. ఎల్వీరా సూది జారింది. తీసుకుంది. మళ్ళీ జారింది. ఇంకోసారి జారి ట్రేలో ఖంగుమనేసరికి పక్క బల్లలవాళ్ళు తలెత్తి చూశారు. ఎల్వీరాకి కుట్లు నేర్పడమేమిటని పొద్దున నవ్వుతూ పలకరించినవాళ్ళే, ఇప్పుడు చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక తమ కుట్ల మీదికి వంగారు.

గిల్బర్ట్ దగ్గరికొచ్చాడు. సూది ముట్టుకోలేదు. గొంతు బాగా తగ్గించాడు.

“డాక్టర్ డ్యూక్, ఆ వేళ్ళకి స్పర్శ పోయి ఎన్నాళ్ళయిందండీ?”

“ఈ గది చల్లగా ఉంది.”

“చలి కాదండీ. బొటనవేలి కింద కండ చూడండి, ఎలా చిక్కిపోయిందో. మణికట్టులో నరం నలుగుతోంది. మా అమ్మకీ ఇలాగే అయింది.”

“మీరు పశువుల డాక్టరా, మనుషుల డాక్టరా?”

ఆయన నొచ్చుకోలేదు. రేపు కూడా ఇక్కడే ఉంటానని, తనకు తెలిసిన సర్జన్ పేరు చెబుతానని అన్నాడు. ఎల్వీరా చేతి తొడుగులు లాగి బల్లమీద పడేసి వెళ్ళిపోయింది.

నేను పార్కింగ్‌లోకి వెళ్ళేసరికి ట్రక్కులో కూర్చుని ఉంది. ఇంటికి పోదామంది. రేపటి గంటలు పోతే లైసెన్సుకి ఇబ్బంది అవుతుందన్నాను. పోతే పోనీ అంది. ఊరు దాటి మైదానంలో పడ్డాం. రోడ్డుకు రెండువైపులా మంచు కరిగి మడుగులు కట్టింది. కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

“నీకు తెలుసా?”

కొన్నాళ్ళుగా సిరంజీలన్నీ నాతో నింపిస్తోంది. కోటు గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటోంది. వయసనుకున్నాను. ఆ మాటే చెప్పాను. ఆవిడ రేడియో పెట్టి మళ్ళీ కట్టేసింది. సీటులో అటు ఇటు మసలుతూనే ఉంది.

మా ఊరు ఇంకా గంటన్నర ఉందనగా మర్ల్ హాగెన్ అనే రైతు ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి ఆవు నొప్పులు పడుతోందట, కాళ్ళు కనిపిస్తున్నాయి గాని దూడ కదలడం లేదట. మా బదులు చూస్తానన్న పక్క ఊరి డాక్టరు ఇంకో కొట్టంలో ఇరుక్కుపోయాడట. మర్ల్ ఇల్లు మా దారిలోనే. ఎల్వీరా ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. వస్తున్నామని చెప్పి, తొందరగా పోనిమ్మని నన్ను తరిమింది. పొద్దుటి నుంచి ఆవిడ ముఖంలో కళ కనిపించింది అప్పుడే.

కొట్టంలో ఎర్రావును ఇనుప చట్రంలో బిగించి ఉంచాడు మర్ల్. డెబ్భై ఏళ్ళ మనిషి, కంగారు దాచుకోవడానికి వేళాకోళాలాడతాడు.

“ఏం డాక్టరమ్మా, పట్నంలో ఏం నేర్పారు? ఆవుకి ఏ వైపు తోక ఉంటుందో చెప్పారా?”

ఎల్వీరా భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపల పెట్టింది. ముందుకాళ్ళు రెండూ దొరికాయంది. తల పక్కకి తిరిగి ఉంది, సర్దుతానంది. ఆవు మూలిగింది. తల దారికొచ్చిందని గొలుసులు అడిగింది, నేను అందించాను, రెండు కాళ్ళకీ తగిలించింది. పిడులు నాకొకటి, మర్ల్‌కొకటి ఇచ్చింది.

“లాగమంటారా?” అన్నాడు మర్ల్.

ఎల్వీరా చెయ్యి ఇంకా లోపలే ఉంది, భుజం ఆవు తొడకు ఆనుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. మోచెయ్యి లోపల అటూ ఇటూ తిరుగుతోంది. ఎంతసేపో అలా వెతికింది. మర్ల్ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, ఆగమని.

ఆవిడ నెమ్మదిగా చెయ్యి బయటికి తీసింది.

“తానిస్, నువ్వు చూడు. నా చేతికేం తెలియట్లేదు.”

మర్ల్ గొలుసు పిడి వదిలేసి పక్కకి జరిగాడు. నేను తొడుగు వేసుకుని చెయ్యి పెట్టాను. మొదటి కాలు పట్టుకుని పైకి తడిమాను: మోకాలు, మోచెయ్యి, భుజం, అక్కణ్ణుంచి ఛాతీ. రెండో కాలు పట్టుకుని అలాగే వెళ్ళాను. ఆ భుజం ఈ ఛాతీకి చేరలేదు. ఇంకా లోపలికి, వేరే దారిన పోయింది. ఇంకో మెడ తగిలింది.

“కవలలు. ఒక్కోదానిదీ ఒక్కో కాలు.”

లాగి ఉంటే రెండూ ఒకేసారి ఇరుక్కునేవి, ఆవు చీలిపోయేది. ఎల్వీరా ముఖం పాలిపోయింది. ఒక్క క్షణమే. వెంటనే ఆవు తల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచే చెప్పడం మొదలుపెట్టింది. వెనకదాన్ని గర్భంలోకి నెట్టమంది. ఆవు ముక్కితే ఆగమంది, ఊపిరి తీసుకున్నప్పుడు నెట్టమంది. ముందుదాని రెండో కాలు గిట్టను అరచేతిలో దాచిపెట్టి ముందుకు తెమ్మంది. నేను వింటూ చేశాను. మా ఇద్దరికీ కలిపి ఒకటే చెయ్యి ఉన్నట్టయింది.

మొదటి దూడ చచ్చి పుట్టింది. తెల్లారి నుంచి నలిగిపోయి ఉంటుంది పాపం. రెండోది పెయ్యదూడ, ఊపిరి లేకుండా కింద పడింది. ఎల్వీరా మోకాళ్ళ మీద కూర్చుని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పింది, గడ్డితో ఒళ్ళంతా రుద్దింది. అది తుమ్మింది. ఇంకోసారి తుమ్మి తలెత్తింది. మర్ల్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆయన భార్య వంటింట్లో మాకు బంగాళాదుంప కూరిన పెరోగీలు వేయించి పెట్టింది. ఎల్వీరా ఫోర్కు ఎడమచేత్తో పట్టుకుంది. దాచాలని చూడలేదు. సగం తిన్నాక, మర్ల్ వినేలాగే నాతో అంది, “నువ్వు పక్కన లేకపోతే లాగించి ఉండేదాన్నేమో,” అని. మర్ల్ ప్లేటులోకి చూస్తూ అన్నాడు:

“లాగించలేదుగా.”

మర్నాడు పొద్దున్నే ఆవిడే ఫోన్ చేసి, రెజైనా పోదాం, తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా అంది. సదస్సులో తిన్నగా గిల్బర్ట్ దగ్గరికి వెళ్ళింది. నిన్న దురుసుగా మాట్లాడానని ఒక్క ముక్క చెప్పి, చెయ్యి ఆయన ముందు చాపింది. ఆయన సర్జన్ పేరు చెప్పాడు. నరం మరీ నలిగిపోతే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చనీ దాచకుండా చెప్పాడు. ఎల్వీరా విని తల ఊపింది. తర్వాత తరగతిలో నా పక్కన నిలబడింది. సూది పట్టలేదు. నా కుట్లు మాత్రం రెండుసార్లు విప్పించింది.

వేసవిలో ఆపరేషన్ అయింది. బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ కొంత వచ్చింది, నడిమివేలు మాత్రం మొద్దుబారే ఉంది. ఇక ఆవుల కాన్పులు చూడనని ఊళ్ళోవాళ్ళకు తనే చెప్పింది. కుక్కలు, పిల్లులు, మందల టీకాలు చూసుకుంటోంది. కాన్పులకు నేను వెళతాను. చిక్కుముడి పడితే కొట్టంలోంచే ఆవిడకు ఫోన్ చేస్తాను. ఎత్తగానే గాలి చప్పుడు వినిపిస్తుంది. పెరట్లో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుతుంది.

నిన్న చేసినప్పుడూ అంతే. “ఏం తగులుతోందో చెప్పు,” అంది. చెబుతున్నాను. నేను చెప్పడం అయ్యేదాకా కూడా ఆగలేక మధ్యలోనే అడుగుతోంది, “ఆ తర్వాత? ఇంకొంచెం పైన? ఇప్పుడేం తగిలింది?”