మందకో రంగు

ఫార్మసీ చదివిన భాగ్య, తుడిచినా చెరగని, టీ గ్లాసుకు అంటని లిప్‌స్టిక్‌ను పన్నెండు రంగుల్లో తయారుచేసింది. మార్కాపురం దుకాణాల్లో ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇంతలో వాళ్ళ నాయన ఆదెయ్య ఎర్ర డబ్బా తీసుకుపోయి తను కాసే గొర్రెల వీపుల మీద గుర్తులు పెట్టేశాడు.

"అది ఆడోళ్ళ మూతులకు చేసింది నాయనా!"

"ఎవరి మూతి వాళ్ళకు తెలుసులే. వానకు జాజు రంగు కారిపోతే గొర్రె ఎవరిదో తెలీక కొట్టుకు చచ్చేది మేము."

మూడు రోజులు వాన పడినా గుర్తులు చెక్కుచెదరలేదు. నాలుగో రోజు పెద్దారవీడు కాపర్లు వాకిట్లోకి వచ్చి, "మందకో రంగు కావాల తల్లీ, ఏమేం ఉండాయి?" అన్నారు. గులాబీ రంగు ఏడుకొండలు మందకు పోయింది, కాఫీ రంగు శ్రీశైలమ్మ మేకలకు. పన్నెండూ అయిపోయాయి.

భాగ్య గెలిచింది. కాకపోతే ఇప్పుడు తను ఏ రంగు పూసుకుని వీధిలోకి వచ్చినా, ఎవరి మందలోదో ఊరు ఇట్టే చెప్పేస్తోంది.