బంటీ తిన్నాకే

పొద్దున్నే బంటీకి అన్నం కలుపుతుంటే సత్యవేణికి మళ్లీ కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని నిలబడింది. ఇంతలోనే కొట్టు నుంచి మొగుడు తాతారావు ఫోను.

"ఏటే, బంటీగాడి సుగరు మూడొందలు దాటిపోనాది! ఏటెట్టీసినావు?"

బంటీ అంటే తాతారావు ముచ్చటపడి తెచ్చుకున్న లాబ్రడారు కుక్క. దానికి చక్కెర జబ్బని తెలిసిన రోజు ఆ మహానుభావుడు అన్నం ముట్టలేదు. విశాఖపట్నం డాక్టరు దాని వీపున బొచ్చు గొరిగి, రూపాయి బిళ్లంత సెన్సరు అతికించాడు. అది చూపించే సుగరు అంకె, దగ్గర్లో ఉన్న సత్యవేణి ఫోనుకి చేరి, అక్కణ్ణుంచి దానంతటదే కొట్లో ఉన్న తాతారావు ఫోనుకి పోతుంది. అంకెలు ఆయనవి, చాకిరీ ఈమెది. తూచి వండాలి, దగ్గరుండి తినిపించాలి, రెండుపూటలా ఇన్సులిన్ సూది వెయ్యాలి. సూదంటే ఆయనకి చెయ్యి వణుకుతుందట. మిరియాల బస్తాలు కాటా వేసేటప్పుడు ఆ చెయ్యి ఎన్నడూ వణకలేదు మరి! అసలు ఆ సెన్సరు అతికించింది కుక్కకా, తనకా అని సత్యవేణి అనుమానం. కాస్త నడుం వాల్చి అంకె అటూ ఇటూ అయిందా, ఫోను మోగాల్సిందే.

ఆ మూడొందలకి కారణం వీధరుగు మీదే కూర్చుని ఉంది. అత్తగారు తవిటమ్మ, చేతిలో సగం సున్నుండ.

"నోరు లేని జీవం, అలా సూత్తంటే నాకు మింగుడు పడుద్దేటి?"

ఆ ముక్క కొడుకుతో మాత్రం చెప్పదు. తిట్లు తినడానికి కోడలుందిగా!

"ఆడు తిన్నాడా? తిన్నాకే సూది. కాళీ కడుపున పొడిస్తే పేనం పోద్ది" అని తాతారావు రోజూ అడుగుతాడు. మొగుడు తిన్నాక, అత్తగారు తిన్నాక, బంటీ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది సత్యవేణి తింటుంది. నువ్వు తిన్నావా అని అడిగిన నాథుడు లేడు. నెలల తరబడి ఒకటే దాహం, నీరసం. "సుగరేమో వదినా, పరగడుపున చింతపల్లి ఎల్లి రక్తం ఇచ్చి రా" అని ఆశా కార్యకర్త సుజానా మొత్తుకుంటూనే ఉంది. వెళ్తానన్నప్పుడల్లా తాతారావుది ఒకటే పాట.

"మరి బంటీకి సూదెవులేత్తారు? ఆడోలికి కళ్లు తిరగడం మామూలే గదేటి."

మామూలేనట! ఇవాళ ఇక ఆగదలుచుకోలేదు సత్యవేణి. అన్నం గిన్నె, ఐసు ఫ్లాస్కులో ఇన్సులిన్, సూదులు సంచిలో వేసుకుని, బంటీ గొలుసు పట్టుకుని బజారుకి నడిచింది. తిన్నగా కొట్లోకి పోయి గల్లాపెట్టె కాలికి గొలుసు కట్టేసింది. తన ఫోను కూడా ఆయన ముందే పెట్టింది.

"ఏటిది? బేరాలొచ్చే ఏల!"

"ముందు తినిపించండి. తిన్నాకే సూది. కాళీ కడుపున పొడిస్తే పేనం పోద్దని మీరే గదా సెప్తారు. మెడ ఎనక తోలు ఎత్తి పట్టుకోండి."

"నాకు సెయ్యి ఒణుకుద్దే!"

"నాకూ మొదట్లో ఒణికింది."

బయట చింతపల్లి పోయే జీపు హారన్ కొడుతోంది. ఎక్కి కూర్చుంది. మలుపు తిరిగేదాకా తాతారావు అరుస్తూనే ఉన్నాడు. ఇక ఫోను చేసినా అది ఆయన గల్లాపెట్టె మీదే మోగుతుంది. చలిగాలి ముఖానికి కొడుతుంటే ఆమెకి భయం వేసింది, హాయిగానూ ఉంది.

చింతపల్లి ఆసుపత్రిలో నర్సు ఆమె జబ్బకి రబ్బరు పట్టీ కడుతూ అడిగింది.

"పరగడుపునే వచ్చావా అమ్మా? ఎప్పట్నుంచి తినలేదు?"

"పెళ్లయిన కాణ్ణుంచీ" అంది సత్యవేణి.