నొక్కినా కూర్చోలేదు

కంప్యూటర్ ఆ రోజూ లేవలేదు. మావగారు మీట నొక్కగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, పెట్టె మీట దీపం వెలిగింది, అంతా బాగానే ఉన్నట్టు కాసేపు హడావుడి చేసింది. తెర మాత్రం నల్లగానే ఉంది. 'సిగ్నల్ లేదు' అని ఓ మూల చిన్న అక్షరాలు కనిపించి పోయాయి. తర్వాత దానంతటదే ఆగిపోయి, దానంతటదే మళ్ళీ మొదలైంది. అదే ఫ్యాను, అదే దీపం, అదే నల్ల తెర. కథ మళ్ళీ మొదటికొచ్చింది.

కోడలు బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఏమైనా అనడానికి ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. పాత కంప్యూటర్ చచ్చిపోయినప్పటి నుంచి, ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని కోసం ఊరికి ఆ చివర ఉన్న ఆఫీసుకు వెళ్ళి, ఎవరూ లేని బల్ల ఎక్కడుందా అని వెతుక్కుని, అక్కడ కూర్చుని గీసి వస్తోంది. పోయేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడూ నిలబడి. నడుం పట్టేసింది. కొత్తది కొంటే ఒక్క పూటలో అయిపోయేది. దుకాణం వాడు తయారుగా ఉన్నదే ఇస్తానన్నాడు కూడా. కానీ మావగారు ఒప్పుకుంటేనా.

"విడి భాగాలు తెప్పించు. నేను కడతాను," అన్నాడాయన.

ఆయన రేడియోలు బాగుచేసే మెకానిక్. రేడియోలు పోయి టీవీలు వస్తే టీవీలు, అవీ పోతే ఇంకోటి. చేతిలో పని లేకుండా కూర్చున్న మనిషి కాడు. ముందు గదిలో కిటికీ కింద ఆయన బల్ల ఉంటుంది. దాని మీద ఉన్న వస్తువును ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, దుమ్ము తుడవకూడదు, కాఫీ గ్లాసు పెట్టకూడదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన తర్వాత ఆ బల్ల ఖాళీగా ఉండిపోయింది. చెయ్యి కొంత తేరుకుంది. గ్లాసు పట్టుకుంటాడు, చొక్కా గుండీలు ఎలాగో పెట్టుకుంటాడు. అంతే. ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, "మెల్లగా అదే వస్తుందండీ." కొడుకూ అదే, కోడలూ అదే. ఆ మాట అనడం గుమ్మం దగ్గర చెప్పులు విప్పినంత అలవాటైపోయింది.

భాగాలు వచ్చిన రోజున ఆయన కొడుకునూ కోడల్నీ కూర్చోబెట్టి ఖరాఖండిగా చెప్పాడు.

"ఇది నా చేత్తో లేచిందా, సరే. లేవలేదా, ఈ బల్ల తీసేయండి. మంచం వేసుకోండి ఇక్కడ. నేను అడ్డం చెప్పను."

"ఎందుకు నాన్నా ఇప్పుడా మాటలు," అన్నాడు కొడుకు. నీళ్ళ ప్లాంటులో షిఫ్టులు చేసి చేసి ఆ మనిషికి సగం మాటలు నిద్రలోనే వస్తాయి.

"మాట అంటే మాటే."

అందుకే కంప్యూటర్ లేవకపోతే కోడలికి ఒళ్ళు మండేది కాదు, గుండెల్లో రాయి పడేది. ఆయన ముందర ఆ మాట తీయడానికి ఎవరికీ నోరు రాదు. బల్ల తీసేసి, మంచం వేసి, ఆ మంచం మీద ఈ మనిషిని కూర్చోబెడితే ఇంకేం మిగిలింది?

అలాగని ఊరుకున్నదీ లేదు. ఆయన పవర్ సప్లై మీద అనుమానం అన్నాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి మోసుకెళ్ళి మార్చి తెచ్చింది. తెర తీగె అన్నాడు. మార్చింది. ప్రాసెసర్ కింద పిన్ను వంగిందేమో అన్నాడు. దాన్ని విప్పి, భూతద్దం పెట్టి చూసి, వేడి లాగే పేస్టు తుడిచి, మళ్ళీ రాసి బిగించాడు, అదీ ఎడమ చేత్తో. స్క్రూలు ఎడమ చేత్తో బిగించడం ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. ఇంత చేసినా అది మొండికేసి కూర్చుంది. దుకాణానికి తిరిగి తిరిగి ఆమె కాళ్ళరిగిపోయాయి.

"మెమరీ కడ్డీ గాడిలో సరిగ్గా కూర్చుందా మేడమ్? చాలావరకు అదే అవుతుంది," అని అడిగాడు దుకాణం వాడు.

"మావయ్యగారు పెట్టారు," అంది ఆమె. ఆ ఇంటి మనుషులకు అది జవాబు. ఆయన పెట్టిన దాన్ని ఎవరైనా మళ్ళీ నొక్కి చూస్తారా?

"అయితే బోర్డు పట్రండి, మేం చూస్తాం."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "నా బల్ల మీది వస్తువు దుకాణానికి పోదు," అన్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సెలవు రోజు వచ్చింది. భర్త పగటి షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి మావగారు లోపలి గదిలో నడుం వాల్చారు. కోడలు కూడా పడుకుందామనే అనుకుంది. పడుకుంటే నిద్ర వస్తే కదా. లేచి ముందు గదిలోకి వచ్చి, ఆ నల్ల పెట్టె వైపు చూసింది. అప్పుడు కోపం వచ్చింది. బల్ల నియమం బల్లకు, నా నడుం నొప్పి నాకు, అనుకుంది. దొంగలా పెట్టె పక్క రేకు విప్పింది.

లోపల తీగెలన్నీ ఎంత పొందికగా కట్టి ఉన్నాయంటే ఆమెకు తన అల్మారా గుర్తొచ్చి సిగ్గేసింది. మీట నొక్కి చూసింది. ఫ్యాన్లు తిరిగాయి. బోర్డు మూల చిన్న నల్ల టేపు ముక్క అంటించి ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. ఆయనకదో పిచ్చి. టీవీ కింద దీపానికి టేపు, ఫ్రిజ్ దీపానికి టేపు, ఎక్కడ చిన్న దీపం వెలిగినా కళ్ళలో గుచ్చుకుంటుందని టేపు.

మూసి ఉన్న పెట్టెలో దీపం ఎవరి కళ్ళలో గుచ్చుకుంటుంది?

నవ్వు ఆగిపోయింది. గోరుతో టేపు లేపింది. కింద పసుపు దీపం వెలుగుతోంది. దాని పక్కన బోర్డు మీద అచ్చు వేసి ఉంది, మెమరీ అని. తప్పు ఎక్కడుందో బోర్డే చెబుతోంది, మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. దాని నోటికి ఈయన టేపు వేశాడు.

ఆమె కరెంటు ఆపి, మెమరీ కడ్డీ వైపు వంగి చూసింది. పై కొసన క్లిప్పు పడి ఉంది. పైనుంచి చూసేవాళ్ళకు చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది. కింది కొసకు క్లిప్పు లేదు. ఆ కొస గాడిలోంచి ఓ వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. బొటనవేలు ఆనించింది. పెద్దగా నొక్కను కూడా లేదు, తలుపు గంట నొక్కినట్టు నొక్కింది. టిక్కుమని దిగిపోయింది.

ఇంతేనా? ఇన్నాళ్ళ తిరుగుడు, ఇన్ని బస్సులు, ఇంత మొయ్యడం, ఇంతకేనా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో అలసటో ఆమెకే తెలియలేదు. ఇంతలో లోపల మంచం కిర్రుమంది.

ఆ క్షణంలో ఏమనుకుందో ఏమో, క్లిప్పు తీసి, ఆ కొసను మళ్ళీ ఎప్పట్లాగే పైకి లేపి పెట్టింది. రేకు వేసే లోపే ఆయన గుమ్మంలోకి వచ్చాడు. విప్పిన పెట్టెను చూశాడు, ఆమె వేలి చివర అంటుకుని ఉన్న టేపు ముక్కను చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"చూశావా," అన్నాడు.

"మీకు ముందే తెలుసా మావయ్యా?"

"తెలుసు."

"మరి నన్నెందుకు తిప్పారు? ఆ పవర్ సప్లైని చంకన పెట్టుకుని ఆ బస్సుల్లో..." ఆమె వేలికున్న టేపు ముక్కను లాగి బల్లకు అంటించింది. "ఎడమ చేత్తో నొక్కితే పోయేదిగా."

"పోయేది. కంప్యూటర్ లేచేది." ఆయన తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ చెప్పాడు. "నా చేత్తో లేవాలని కదా అన్నాను. నా చెయ్యంటే ఇదే. అన్నం పెట్టింది ఇదే. మిగతావన్నీ ఎడమ చేత్తో చేసినా, ఈ ఒక్కటీ దీంతో నొక్కాలనుకున్నాను. మొదటి రోజు కూర్చోలేదు. ఇంకో రెండు రోజులు ఎక్సర్‌సైజులు చేస్తే బలం వస్తుందనుకున్నాను. నువ్వు ఆఫీసుకు పోయాక రోజూ విప్పుతాను, రోజూ నొక్కుతాను. నీకు దుకాణం పని చెబితే నాకో రోజు కలిసొస్తుంది. అంతేనమ్మా."

ఆమెకు తిట్టాలని ఉంది, పెద్దాయన. ఓదార్చాలని ఉంది, ఓపిక లేదు. చివరికి పెట్టెను ఆయన వైపు జరిపింది.

"ఇప్పుడు నొక్కండి. నేను పట్టుకుంటాను."

ఆయన లేచి నిలబడ్డాడు. కుడి బొటనవేలు ఆ కొస మీద ఆనించాడు. భుజం అంతా వేసి వంగాడు. మెడ నరాలు ఉబ్బాయి. వేలు ఆ కడ్డీ మీదినుంచి పక్కకు జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. మూడోసారి పెట్టలేదు.

"నువ్వు నొక్కు," అన్నాడు.

ఆమెకు తెలుసు అదెంత తేలికో. అందుకే స్టూలు పక్కకు నెట్టి, రెండు కాళ్ళూ దూరంగా పెట్టి నిలబడి, రెండు బొటనవేళ్ళూ దాని మీద పెట్టి, పళ్ళు బిగించి, ఏదో పెద్ద బండను దొర్లిస్తున్నట్టు మూలిగింది. టిక్కుమంది.

"అబ్బ, ఎంత గట్టిగా ఉందో మావయ్యా. మీరు కాబట్టి అంతవరకైనా దింపారు," అంటూ నుదురు తుడుచుకుంది.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. పొడి నుదుటినీ చూశాడు.

"నీకు నటన రాదమ్మాయ్," అన్నాడు.

తర్వాత, పాడైన భాగాన్ని పక్కన పెట్టి వస్తువు తెచ్చినవాళ్ళకు చెప్పే గొంతుతో, "ఈ చెయ్యి పోయిందమ్మా," అన్నాడు.

ఆ ఇంట్లో అన్నాళ్ళూ ఎవరూ అనని మాట అది. మెల్లగా అదే వస్తుంది అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అవును మావయ్యా," అంది.

ఆయన తలూపాడు. ఎడమ చేత్తో మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, దీపాలు వెలిగి ఆరాయి, తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. సంతోషం వస్తుందనుకుంటే నిద్ర ముంచుకొచ్చింది ఆమెకు. ఇక పడుకోవచ్చు, రేపు బస్సు ఎక్కక్కర్లేదు అనుకుంది.

"బల్ల సంగతి అబ్బాయికి నేనే చెప్తాను," అన్నాడాయన.

"ఏం చెప్తారు?"

ఆయన స్టూలు తీసి బల్లకు ఎడమ పక్కగా వేసుకున్నాడు. కుడి పక్క చోటు ఖాళీ అయింది. అవతలి గదిలోంచి ఆమె కుర్చీని ఎడమ చేత్తో ఈడ్చుకొచ్చి ఆ ఖాళీలో పెట్టాడు.

"పక్కింటావిడ ఇస్త్రీపెట్టె పాడైందంటోంది. తీసుకురమ్మంటాను. పట్టుకోవడం, నొక్కడం నీ వంతు."

ఇంటి పని, ఆఫీసు పని, ఇప్పుడు ఇదొకటి. తల మీద ఇంకో పని పడిందని తెలుస్తూనే ఉంది ఆమెకు. కుర్చీలో కూర్చుంది, నడుం కలుక్కుమంది.

"సరే మావయ్యా. సెలవు రోజు మాత్రం వద్దు. నేను పడుకోవాలి," అంది.