తడిలో ఎండిన తోట

నిమ్మచెట్టు మధ్యాహ్నం ఆకు వాలిస్తే భయపడక్కర్లేదు. ఒంట్లో ఉన్న నీళ్లు ఎండకు పోకుండా దాచుకుంటుంది. చల్లబడ్డాక మళ్లీ లేస్తుంది. మా కరీంనగర్ వైపు మొక్కజొన్న కూడా అంతే, పగలు ఆకు చుట్టుకొని సాయంత్రం విప్పుతుంది. పొద్దున్నే ఆకు వాలి ఉంటే మాత్రం చెట్టు చెడిందని అర్థం.

డెబ్బై ఆరులో, మస్కట్ వైపు బర్కా దగ్గర మా అర్బాబు తోటలో, నిమ్మచెట్లు పొద్దున్నే వాలి కనిపించాయి. పాదులో కాలు పెడితే బురద.

అర్బాబు అంటే యజమాని. ఇసుక దిబ్బ అవతలే సముద్రం. తోటలో నిమ్మలు, గట్ల మీద ఖర్జూరాలు, ఒకే బావి. మునుపు ఎద్దులతో మోట తోలేవారట. మేం వచ్చేసరికి అతను ఎద్దులను అమ్మి డీజిల్ ఇంజను పెట్టాడు. ఇంజను పని నా బామ్మర్ది దేవయ్యది, చెట్ల పని నాది. వాడి అక్క కమలవ్వ నా భార్య. నేను ఇక్కడికి వచ్చిన రెండో ఏడు చనిపోయింది. కబురు అందేసరికి దినాలు కూడా అయిపోయాయి. పిల్లలు లేరు. ఊళ్లో ఇల్లు కూలింది. ఈ తోట పోతే నాకు ఉండడానికి ఇంకో చోటు లేదు.

"నీళ్లు సాల్తలేవు బావా," అన్నాడు దేవయ్య.

"బురద కనవడతలేదా?"

"పైన బురద. లోపటికి దిగలే."

పగలంతా ఇంజను నడిపాడు. కరువులో పుట్టినవాడు. నీళ్లు పెడితే చెట్టు చస్తుందంటే నమ్మడు. ఆకుల అంచులు కాలినట్టు మాడాయి. పాదుల చుట్టూ తెల్లగా పేరుకుంది. అది యూరియా అన్నాడు.

ఇంజను బాగుచేయడానికి హమ్రియా నుంచి ఖమరుద్దీన్ అనే మెకానిక్ వచ్చాడు. హైదరాబాదు మనిషి. నేనిచ్చిన చాయ్ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఏం భాయ్, చక్కెర అయిపోతే ఉప్పేస్తున్రా?"

"మంచిగనే ఉన్నది గద," అన్నాడు దేవయ్య.

"నీ నాలిక సచ్చింది మియా. రోజింత పెరిగింటది, మీకు తెల్వలే. బావిల సముందరం దూరింది. మీరు గుంజుతున్నరు, అది వస్తున్నది."

అప్పుడు అర్థమైంది. బావిలో తీపి నీళ్లు పైన తేలుతాయి, ఉప్పు నీళ్లు కింద ఉంటాయి. మోట పైపైన తోడేది. ఇంజను అడుగుదాకా గుంజింది. ఉప్పు తడిలో నిలబడ్డ చెట్టు తాగలేదు. వేరు చుట్టూ నీళ్లే ఉంటాయి, లోపలికి రావు. ఖర్జూరం ఓర్చుకుంటుంది, నిమ్మ ఓర్చుకోదు.

బావి తేరుకోవాలని అర్బాబు ఇంజను ఆపించాడు. చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. ఆకు ఉన్నంతసేపూ నీళ్లు ఖర్చవుతాయి, అందుకని వదిలించుకుంటాయి. నేను చేదతో పైనీళ్లు తోడి ఒక వరుసకు పోస్తూ వచ్చాను. చేతులు పగిలాయి. దేవయ్య నీడలో కూర్చొని చూశాడు.

"గిట్ల తోడితే తోటంత తడిసేసరికి నీ పండ్లూడుతయి."

"ఊడనీ. వచ్చి తాడు పట్టు."

"ఇంజను పెట్టుకొని చేద గుంజుడేంది బావా. నవ్వుతరు."

చలికాలంలో ఒక వాన పడింది. ఆ తర్వాత తోటంతా పూసింది. ఆకులేని కొమ్మల నిండా తెల్లని పూత. అంత పూత నేనెప్పుడూ చూడలేదు. నాకు సంతోషం కలగలేదు. చావు దగ్గరపడ్డ చెట్టు ఉన్నదంతా గింజ మీద పెడుతుంది.

దేవయ్యకు మా పటేలు బత్తాయి తోట గుర్తొచ్చింది. అక్కడ కావాలనే నీళ్లు ఆపి చెట్లను వాడబెడతారు. ఆకు రాలాక తడి ఇస్తే ఒక్కసారిగా పూస్తాయి. పూశాక నీళ్లకు తక్కువ చేయరు. ఇక్కడా అదే లెక్క అనుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక అర్బాబు చుట్టాలను తీసుకొచ్చి పూత చూపించాడు. దేవయ్య అతని పక్కన చేరాడు.

"అర్బాబ్, అబ్ పానీ దేనా. నై తో ఫూల్ గిర్ జాతా."

"ఉప్పు ఇంక దిగలే," అన్నాను.

దేవయ్య ఒక చేద తోడి అర్బాబుకు అందించాడు. పైనీళ్లు కదా, తియ్యగానే ఉంటాయి.

"మీఠా హై," అన్నాడు అర్బాబు. "చలావ్."

నేను ఇంజను హ్యాండిల్ పట్టుకొని నిలబడ్డాను.

"ఇడువు బావా. గింత పూతకు నీళ్లియ్యకుంటే పాపం తగుల్తది."

అర్బాబు నా వైపు చూశాడు. చుట్టాలూ చూశారు. దేవయ్య నా వేళ్లు విడదీసి హ్యాండిల్ తీసుకున్నాడు.

పిందె శనగగింజంత కాకముందే రాలింది. కొమ్మలు చివర నుంచి ఎండుతూ మొదలుదాకా వచ్చాయి. నేను చేదతో తడిపిన వరుస అన్నిటికంటే ఆలస్యంగా పోయింది. దానికీ ఇంజను నీళ్లే పారాయి.

చెట్లు నరికింది నేనే. అర్బాబుకు కోపం రాలేదు. అల్లా ఇష్టం అన్నాడు. ఇకనుంచి ఖర్జూరాలు చాలన్నాడు. వాటికి ఆ నీళ్లు సరిపోతాయి, ఇంజను తెలిసిన మనిషి ఒక్కడుంటే నడుస్తుంది. దేవయ్యను ఉంచుకున్నాడు. నన్ను మస్కట్లో ఒక కంపెనీకి మట్టిపనికి అప్పజెప్పాడు.

లారీ వచ్చిన రోజు దేవయ్య నా పెట్టె మోసుకొచ్చాడు.

"శుక్కురారం శుక్కురారం నీ రూముకు వస్త బావా."

"రాకు."

"గదేంది? నువ్వు మా అక్క మొగనివి."

"మీ అక్క సచ్చింది. తోట గూడ సచ్చింది. నీకు నాకు ఇంకేం లేదు."

వాడు పెట్టెను లారీలో పెట్టి తాడుతో కట్టాడు. నేను పైకెక్కి ఆ ముడి విప్పాను. పెట్టె ఒళ్లో పెట్టుకొని, వాడికి వీపు పెట్టి కూర్చున్నాను.