ఇరాన్ రక్తం

మా అత్తగారు బీబీ ఎవరు కనబడినా ముందు చెప్పే మాట ఒకటే. తమ తాతలు తివాచీలు నేయడానికి ఇరాన్ నుంచి ఏలూరు వచ్చారట. నేను ఆ పక్క ఊరు పెదపాడు పిల్లని, కాబట్టి ఆ గొప్పలో నాకు వాటా లేదు.

మా ఇరమ్‌కి ఆరేళ్లు. బ్లడ్ క్యాన్సర్. మొదటి విడత ఇంజెక్షన్లకి జబ్బు లొంగింది. ఇక రోజూ మాత్ర వెయ్యాలన్నప్పుడు డాక్టర్ స్టెల్లా గారు ఆగమన్నారు.

"ఈ మాత్ర కొందరి ఒంటికి పడదండీ, విషమైపోతుంది. పుట్టుకతో వచ్చే జన్యువుల తేడా. చైనా, జపాన్ వైపు ఎక్కువ, మన వైపూ ఉంది. ఒక్క రక్తపరీక్ష చేస్తే తెలిసిపోతుంది."

మా ఆయన మోయిన్ నవ్వారు. "మాకక్కర్లేదండీ. మేం ఇరాన్ వాళ్లం."

"మరి తల్లిగారు?"

"పిల్లకి తండ్రి వంశమే కదండీ!" అంది అత్తగారు.

నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, చేయిద్దామండీ, పోయేదేముంది?" అన్నాను.

"ఇప్పటికే పిల్లని సూదులతో పొడిచి చంపుతున్నారు" అని మా ఆయన, పరీక్ష వద్దని సంతకం పెట్టేశారు.

మాత్ర తేనెలో రంగరించి నా చేత్తోనే పెట్టాను. మూడో వారానికి ఇరమ్ నోరంతా పుండ్లు. మంచినీళ్లు కూడా మింగలేదు. ఒళ్లు కాలిపోతోంది. అప్పుడే మొలుస్తున్న జుట్టంతా దిండు మీద రాలిపోయింది. రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవన్నారు.

అప్పుడు చేశారు ఆ పరీక్ష, ముగ్గురికీ.

"అది కోడలి వైపుదే అయ్యుంటుంది, సరిగ్గా చూడండమ్మా" అంది అత్తగారు.

"పాపలో తేడా ఉన్న జన్యువులు రెండండీ, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. ఇద్దరిదీ ఒకటే తేడా" అన్నారు డాక్టర్ గారు. "పాపకి ఆ మాత్రలో పదో వంతు సరిపోయేది."

పదో వంతు! మా ఆయన్ని కడిగేద్దామని వచ్చినదాన్ని, కాగితంలో నా పేరు పక్కా ఆయన పేరు పక్కా ఉన్న ఒకే ముక్కని రెండుసార్లు చదివాను. ఆ ఇరాన్‌కీ మా పెదపాడుకీ చుట్టరికం నా కూతురి ఒంట్లో బయటపడింది.

మాత్ర ఆపేశారు. కణాలు మళ్లీ లేవాలి, ఎప్పటికి లేస్తాయో చెప్పలేమన్నారు. ఎర్రకణాలూ పడిపోయాయి, ఈలోగా రక్తం ఎక్కించాలన్నారు. మోయిన్ చొక్కా చెయ్యి పైకి మడిచి నర్సు ముందు చాపారు.

"మీ గ్రూపు కలవదండీ" అందామె.

అద్దం అవతల ఇరమ్ చేతిలోకి ఎవరిదో రక్తం చుక్కచుక్కగా దిగుతోంది. ఇచ్చినవాళ్లది ఏ ఊరో, ఏ వంశమో మా అత్తగారు కూడా అడగలేదు.